పొద్దుండగానే సర్దిన పడవ

రాత్రి వేటకు వెళ్లే మనిషి చీకట్లో చేసే పనులు లెక్కపెడితే నాలుగే. వల వదలడం, కాపు కాయడం, వల లాగడం, ఒడ్డుకు రావడం. మిగతా పనులన్నీ పొద్దుండగానే అయిపోవాలి. అవి అయ్యాయా లేదా అన్నదాన్ని బట్టే ఆ రాత్రి ఎలా గడుస్తుందో తేలుతుంది.

నీటి మీద ఆపద వచ్చినప్పుడు చాలాసార్లు వస్తువు పడవలోనే ఉంటుంది, చేతికి మాత్రం అందదు. టార్చి ఉంటుంది, ఏ మూల ఉందో తెలియదు. లైఫ్ జాకెట్ ఉంటుంది, దాని మీద తడి వల కుప్పగా పడి ఉంటుంది. తెడ్డు ఉంటుంది, అది తాడుతో బిగించి ఉంటుంది, ఆ ముడి చీకట్లో విడిపడదు. కాబట్టి పడవను సిద్ధం చేయడమంటే సామాను కొని పడేయడం ఒక్కటే కాదు. చీకట్లో తీసుకోవాల్సిన నిర్ణయాలను ఒక్కొక్కటిగా పగటికి మార్చుకోవడం. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. భయం వేసినప్పుడు, నిద్ర ముంచుకొచ్చినప్పుడు, చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు మనిషి సరిగ్గా ఆలోచించలేడు. అప్పుడు మనల్ని కాపాడేది ముందే చేసిపెట్టుకున్న ఆలోచన.

మాట గాలిలో తేలిపోకుండా ఒక చోటు అనుకుందాం. కృష్ణానది మీద నాగార్జునసాగర్ జలాశయం. పదిహేను, ఇరవై అడుగుల చిన్న పడవ, వెనక చిన్న ఇంజను, ఇద్దరు మనుషులు, నైలాన్ వలలు. తీరప్రాంతాల నుంచి వలస వచ్చి ఈ గట్ల మీద గుడిసెలు వేసుకుని బతుకుతున్న మత్స్యకార కుటుంబాలూ, ఇక్కడి సహకార సంఘాల సభ్యులూ వాడేది దాదాపు ఇలాంటి పడవే. మీది శ్రీరాంసాగర్ కావచ్చు, సోమశిల కావచ్చు, ఊరి పెద్ద చెరువు కావచ్చు. కొలతలు మారతాయి, పద్ధతి మారదు.

రాత్రే ఎందుకు?

మనం సిద్ధం చేసుకునేది దేనికో ముందు తెలియాలి. పగలు నీరు తేటగా ఉంటే చేప వలను చూసి పక్కకు తప్పుకుంటుంది. రాత్రి వల కనిపించదు. పైగా నీటిలోని సూక్ష్మజీవులు చీకటి పడ్డాక లోతుల్లోంచి పైకి వస్తాయి. వాటి కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద చేపలు వస్తాయి. వాలుగ, జెల్ల లాంటివి రాత్రిపూటే తిండికి తిరుగుతాయి. అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రోజుల్లో వల బరువెక్కుతుందనీ, పున్నమి వెన్నెల్లో తేలికగా వస్తుందనీ మత్స్యకారులు తరతరాలుగా గమనించినది ఇందుకే.

అంటే వేట బాగా సాగే రాత్రులే మనకు కన్ను కనిపించని రాత్రులు. చేపకు వలను దాచిన చీకటే మన నుంచి మోడును, బండను, ఎదురొచ్చే పడవను దాస్తుంది. చీకటి ఎంత చిక్కగా ఉంటే సర్దుబాటు అంత గట్టిగా ఉండాలి.

మొదట పడవ, తర్వాతే సామాను

కొత్త బ్యాటరీ, కొత్త లైటు కొనే ముందు పడవను బోర్లించి చూడండి. ఫైబర్ పడవైతే పగుళ్లు, అడుగు వెన్ను (కీల్) దగ్గర పొరలు లేచిన చోట్లు. చెక్క పడవైతే పలకల మధ్య సందులు, మేకుల చుట్టూ మెత్తబడ్డ చెక్క. అరచేత్తో తడుముతూ పోతే కన్ను వదిలేసినవి వేలికి తగులుతాయి. బాగుచేశాక ఒడ్డు దగ్గర నీటిలో దించి, గంటసేపు వదిలి, లోపలికి ఎంత నీరు వచ్చిందో చూడండి. పగలు గంటకు చెంబెడు నీరు వచ్చే పడవలోకి, రాత్రి బరువుతో, అలల మీద బకెట్లకొద్దీ నీరు రావచ్చు.

తర్వాత బరువు. ఇక్కడ చాలామంది వెళ్లేటప్పటి బరువే లెక్క వేస్తారు. వచ్చేటప్పుడు వల తడిసి బరువెక్కుతుంది, చేప తోడవుతుంది, అడుగున నీరు చేరుతుంది. కాబట్టి తిరుగు ప్రయాణం బరువుతో పరీక్ష చేయండి. ఇద్దరూ ఎక్కి, ఇంజను, వలలు, ఐసు పెట్టె అన్నీ పెట్టి, పట్టబోయే చేపకు బదులు ఇసుక బస్తాలు వేయండి. అప్పుడు నీటి మట్టానికి పైన పడవ అంచు జానెడు కంటే తక్కువ మిగిలితే ఆ బరువు ఆ పడవకు ఎక్కువ. సరిపోయిన మట్టం దగ్గర బయటివైపు రంగుతో ఒక గీత గీయండి. ఇక రాత్రి వాదన అక్కర్లేదు. గీత మునిగితే బరువు దించాలి, అంతే.

పడవ నిండా నీళ్లొచ్చినా మునిగిపోకుండా ఉండాలంటే లోపల గాలి బంధించి ఉండాలి. మూత బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల డబ్బా నీటిలో పంతొమ్మిది కిలోల వరకు పైకి ఎత్తుతుంది. అలాంటివి నాలుగైదు, రెండు చివరలా బల్లల కింద గట్టిగా కట్టేయండి. అవి కదలకూడదు, వాటిని ఇంకో పనికి తీయకూడదు. పడవ తిరగబడితే ఈత వచ్చినవాళ్లు కూడా ఒడ్డుకు ఈదాలని చూడొద్దు. చీకట్లో ఒడ్డు దగ్గరగా కనిపిస్తుంది, దూరం మోసం చేస్తుంది. తేలుతున్న పడవను పట్టుకుని ఉన్న మనిషిని వెతకడం తేలిక.

పగలే చూసుకోవాల్సిన దారి

నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఎండాకాలంలో 510 అడుగుల దగ్గరికి దిగిన సంవత్సరాలున్నాయి. ఎనభై అడుగుల తేడా అంటే, వానాకాలం చివర్లో మీరు హాయిగా దాటిపోయిన చోటే వేసవిలో చెట్ల మోళ్లు, రాతి గట్లు, పాత ఊళ్ల గోడలు నీటికి బెత్తెడు కింద ఉండొచ్చు. పోయిన నెల తెలిసిన దారి ఈ నెల తెలిసిన దారి కాదు. జలాశయం నీటిమట్టం ప్రతిరోజూ పేపర్లో, టీవీలో వస్తుంది. వేటకు బయల్దేరే ముందు ఆ అంకె చూడటం అలవాటు చేసుకోండి.

వల వేయదలచిన చోటికి అదే రోజు, లేకపోతే ముందురోజు వెలుతుర్లో ఒకసారి వెళ్లి రండి. గెడతో లోతు చూడండి. మోళ్లున్న చోట ఖాళీ ప్లాస్టిక్ సీసాకు మెరిసే టేపు చుట్టి, రాయి కట్టి వదలండి. టార్చి పడగానే మెరుస్తుంది. పని అయిపోయాక దాన్ని వెనక్కి తెచ్చుకోండి, నీటిలో ప్లాస్టిక్ మిగల్చొద్దు.

ఒడ్డున రాత్రిపూట కూడా గుర్తుపట్టగల ఆనవాళ్లు రెండు ఎంచుకోండి. గుడి మీది లైటు, సెల్ టవరు మీది ఎర్ర దీపం, కొండ వంపు, ఏదైనా సరే. ఒక్కటే అయితే కరెంటు పోతే పోతుంది. ఫోనులో ఆ ప్రాంతం మ్యాపును ముందే దింపుకుంటే సిగ్నల్ లేకపోయినా మీరున్న చోటు చూపిస్తుంది. దానితోపాటు ఒక చిన్న దిక్సూచి జేబులో ఉంచండి. ఆకాశం తేటగా ఉంటే ధ్రువనక్షత్రం ఉంది. సాగర్ ప్రాంతంలో అది దిగంతానికి పదహారు డిగ్రీల పైన ఉంటుంది. చేయి చాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. ఉత్తరం వైపు కొండ అడ్డు లేకపోతే, దిగంతం నుంచి పిడికిలిన్నర పైన వెతకండి, దొరుకుతుంది.

సాగర్ గట్లలో కొంతభాగం పులుల అభయారణ్యం. నీటిలో మొసళ్లు ఉన్నాయి. అలిసిపోయామని తెలియని ఒడ్డున దిగి పడుకోవడం, పడవ అంచు మీంచి చేయి నీటిలో పెట్టి చేపలు కడగడం ఇక్కడ చేయదగ్గ పనులు కావు. కడగడానికి బకెట్ ఉంది.

ఒంటి మీద ఉండాల్సినవి

పడవలో ఉండే వస్తువు వేరు, ఒంటి మీద ఉండే వస్తువు వేరు. పడవ నుంచి జారిపడ్డ మనిషికి పడవలోని వస్తువులు ఏవీ లేనట్టే. అందుకే ఒంటి మీద ఎప్పుడూ నాలుగు ఉండాలి: లైఫ్ జాకెట్, దానికి కట్టిన విజిలు, తలకు కట్టుకునే లైటు, ఒరలో పెట్టి తాడుతో నడుముకు కట్టిన కత్తి.

లైఫ్ జాకెట్ల మీద న్యూటన్లలో ఒక అంకె ఉంటుంది. 50 అన్నది ఈత బాగా వచ్చి, సాయం దగ్గర్లో ఉన్నవాళ్లకు. జలాశయంలో రాత్రి వేటకు 100 గాని అంతకంటే ఎక్కువ గాని తీసుకోండి. 100 న్యూటన్లంటే దాదాపు పది కిలోల బరువును తేల్చే శక్తి. నీటిలో ఉన్న మనిషి తల పైకి ఉండటానికి కావలసిన దానికంటే అది ఎక్కువే. కొనేముందు తొడుక్కుని, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. గడ్డం దాటి పైకి జారితే సైజు పెద్దది. భుజాల మీద మెరిసే టేపు లేకపోతే కుట్టించుకోండి.

వల లాగేటప్పుడు జాకెట్ అడ్డమని చాలామంది విప్పుతారు. మనిషి పడవలోంచి ఎక్కువగా జారేది వల లాగేటప్పుడే. ఉక్కపోస్తున్నా, మీరెంత ఈతగాళ్లైనా, ఈ ఒక్క విషయంలో రాజీ వద్దని చేతులెత్తి అడుగుతున్నాను. తల పడవ అంచుకు తగిలి స్పృహ తప్పితే ఈత ఎవరికీ గుర్తుండదు.

బట్టల విషయంలో పాతవాళ్ల జాగ్రత్త విలువైనది. గుండీల చొక్కా, ఉంగరం, చేతి గడియారం వల కన్నుల్లో చిక్కుకుంటాయి. వల నీటిలోకి పరుగెడుతున్నప్పుడు ఒక గుండీ చాలు, మనిషిని లాగేయడానికి. గుండీలు లేని బనీను, నడుముకు బిగుతుగా నిక్కరు మంచివి. ఇంకో జత పొడి బట్టలు, తువ్వాలు పాలిథిన్ సంచిలో కట్టి పెట్టండి. శీతకాలంలో తెల్లవారుజామున తడి బట్టల మీద గాలి తగిలితే వేళ్లు ముడి విప్పడానికి కూడా పనికిరావు.

మూడు రకాల వెలుగు

వెలుగు ఎంత ఎక్కువుంటే అంత మంచిదన్నది రాత్రి నీటి మీద నిజం కాదు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. మొహం మీద ఒక్కసారి తెల్లటి లైటు పడితే ఆ అలవాటు పోతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలు. కాబట్టి ఏ వెలుగు దేనికో విడదీసుకోవాలి.

మొదటిది మనం కనపడటానికి. పడవ వెనక ఒక కర్ర నిలబెట్టి, మనుషుల తలల కంటే ఎత్తులో, అన్ని వైపులకూ కనిపించే తెల్ల లైటు. ఓడలకు, పడవలకు వర్తించే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఏడు మీటర్ల లోపు పొడవుండి, గంటకు సుమారు పదమూడు కిలోమీటర్లు మించని ఇంజను పడవకు ఇలాంటి ఒక్క తెల్ల లైటు సరిపోతుంది. తెడ్లతో నడిపే పడవైతే ఎదుటివాళ్లకు సకాలంలో చూపించేలా టార్చి గాని లాంతరు గాని సిద్ధంగా ఉండాలి. పెద్ద పడవలకు ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ లైట్లుంటాయి. ఈ ఒక్కటి గుర్తుంటే మీకు కనిపించిన పడవ ఎటు పోతోందో తెలుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ రెండూ కనిపిస్తే అది నేరుగా మీ మీదికే వస్తోంది.

రెండోది పని కోసం. తల లైటులో ఎర్ర వెలుగు కూడా ఉన్నది కొనండి. ఎర్ర వెలుగు కన్ను చీకటి అలవాటును అంతగా చెడగొట్టదు. ముడి వేయడానికి, చేప విడదీయడానికి అది చాలు. తెల్ల వెలుగు దూరం చూడటానికే.

మూడోది ఆపద కోసం. నీళ్లు చొరని ఇంకో టార్చి, ఎవరూ రోజువారీ పనికి ముట్టుకోనిది. దాని బ్యాటరీలు విడిగా కవరులో.

ఇప్పుడు బ్యాటరీ లెక్క. పడవల్లో వాడే చిన్న 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ సీసపు బ్యాటరీలో 84 వాట్ అవర్ల కరెంటు ఉంటుంది. సీసపు బ్యాటరీని సగానికి మించి దింపితే త్వరగా పాడవుతుంది. అంటే మన చేతిలో ఉన్నది 42. వెనక తెల్ల లైటు మూడు వాట్లది పది గంటలు వెలిగితే 30 పోయింది. మిగిలింది 12. పది వాట్ల పెద్ద లైటు వెలిగిస్తే గంటా పన్నెండు నిమిషాలు. ఈ లెక్క కాగితం మీద చూశాక పెద్ద లైటు ఎందుకు ఆర్పాలో ఎవరూ చెప్పక్కర్లేదు. బ్యాటరీని మూత పెట్టెలో, అడుగు నీటికి ఎత్తులో, పెట్రోలు డబ్బాకు దూరంగా బిగించండి.

లైట్లతో చేపలను రప్పించే ఆలోచన వస్తే మానుకోండి. సముద్రంలో మన దేశపు ప్రత్యేక ఆర్థిక మండలంలో (ఈఈజెడ్) ఎల్ఈడీ లైట్ల వేటను కేంద్రం 2017లోనే నిషేధించింది. వెలుగుకు ఎగబడి వచ్చేవాటిలో ఎదగని చేపపిల్లలు కూడా ఉంటాయి. చెరువు సముద్రం కంటే ఎంతో చిన్నది, అక్కడ ఖాళీ అయితే నిండటం ఇంకా కష్టం. వెలుగు మన పనికి, మన ప్రాణానికి. అంతవరకే.

కదలడానికి, ఆగడానికి

ఇంజను ఉన్నా తెడ్లు రెండు, గెడ ఒకటి ఉండాల్సిందే. ఇంధనాన్ని మూడు భాగాలు చేయండి. వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి, ఎదురుగాలికి ఒకటి. మూడో భాగాన్ని వేరే డబ్బాలో పోసి మూతకు గుడ్డ కట్టండి. గుడ్డ విప్పాల్సి వచ్చిందంటే ఆ రాత్రి వేట ముగిసిందని అర్థం. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, పడవ అడుగున పేరుకుంటుంది. ఇంజను పక్కన బీడీ, అగ్గిపుల్ల వద్దు. ఒక స్పార్క్ ప్లగ్గు, అది విప్పే పానా, ఫ్యానుకు (ప్రొపెల్లరుకు) వేసే పిన్నులు, స్టార్టు తాడు, ఇన్సులేషన్ టేపు ఒక చిన్న డబ్బాలో ఉండాలి. ప్లగ్గు మార్చడం పగలు కళ్లు మూసుకుని ఒకసారి చేసి చూడండి.

తాళ్లలో తేడా ఉంది. నైలాన్ తాడు నీటిలో మునుగుతుంది, కాస్త సాగుతుంది, లంగరుకు మంచిది. ప్లాస్టిక్ పోగుల తాడు తేలుతుంది, నీటిలో పడ్డ మనిషికి విసరడానికి మంచిది, కానీ ఇంజను ఫ్యానులో చుట్టుకుంటుంది. లంగరు తాడు లోతుకు కనీసం మూడింతలు, గాలి ఉన్న రోజు అయిదింతలు ఉండాలి. లంగరు ఎప్పుడూ పడవ ముక్కు వైపు నుంచే వేయాలి. వెనక నుంచి వేస్తే ఇంజను బరువుకు కిందికి దిగి ఉన్న వెనక అంచు మీంచి అల లోపలికి దూకుతుంది.

నీళ్లు తోడటానికి బకెట్, చెంబు రెండూ తాళ్లతో కట్టి ఉండాలి. చిన్న చిల్లులు పూడ్చడానికి ఎం-సీల్, మైనం పూసిన గుడ్డ, ఒక చెక్క బిరడా.

వలకూ చేపకూ చోటు

వలను మడత పెట్టే తీరులోనే రాత్రి సగం పని ఉంది. బెండ్లున్న పై తాడు ఒకవైపు, గుండ్లున్న కింది తాడు రెండోవైపు, మధ్యలో వల వరసగా. ఆ చుట్ట దగ్గర కాళ్లు పెట్టే చోటు ఉండకూడదు. వల రెండు చివరలా తేలే డబ్బాలకు మెరిసే టేపు, వీలైతే చిన్న లైటు కట్టండి. మీ వల వెతుక్కోవడానికే కాదు, పక్క పడవ ఇంజను దాన్ని తెంపకుండా ఉండటానికి కూడా.

ఒకరు వల లాగుతుంటే రెండోవాళ్లు పడవ నడుమ కూర్చుని బరువు సమం చేయాలి. ఇద్దరూ ఒకే అంచుకు వంగితే పడవ ఆ వైపే ఒరుగుతుంది. వల మోడుకు పట్టుకుంటే బలంగా గుంజొద్దు. వల కోసే కత్తి ఉన్నది అందుకే. పోయిన వలకు వెల ఉంది, దాన్ని మళ్లీ సంపాదించుకోవచ్చు.

జెల్ల ముళ్లు చేతిలో దిగితే రాత్రంతా సలుపుతుంది. చేతి తొడుగులు, చిన్న శ్రావణం, శుభ్రమైన గుడ్డ, యాంటిసెప్టిక్ ఒక డబ్బాలో ఉంచండి. ఒడ్డుకు వచ్చాక చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడినీటిలో పెడితే నొప్పి తగ్గుతుంది. వాపు పెరిగితే ఆసుపత్రికి వెళ్లాలి.

చేపకు దాదాపు దాని బరువంత ఐసు కావాలి. దంచిన ఐసు, చేప, మళ్లీ ఐసు ఇలా పొరలుగా. అడుగున కరిగిన నీరు పోవడానికి పెట్టెకు రంధ్రం ఉండి, ఆ నీరు పడవ అడుగుకు కాకుండా బకెట్‌లోకి పోవాలి. రాత్రంతా కష్టపడి పట్టిన బొచ్చె తెల్లారేసరికి మెత్తబడితే, ధర సగమవుతుంది.

వానాకాలం మొదట్లో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో మత్స్యశాఖ వేట నిషేధిస్తుంది. ఆ తేదీలు కనుక్కుని పడవ గట్టున పెట్టి బాగు చేసుకోండి. లైసెన్సు, సంఘం సభ్యత్వ కార్డు నీళ్లు తగలని కవరులో పడవలోనే ఉండాలి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు సామూహిక ప్రమాద బీమా ఉంది. మరణానికి, శాశ్వత పూర్తి అంగవైకల్యానికి 5 లక్షల రూపాయలు. మీ పేరు అందులో ఉందో లేదో సంఘం కార్యాలయంలో అడిగి, నామినీ పేరు సరిచూసుకుని రండి. ఇది కూడా పడవ సర్దుకోవడంలో భాగమే. ఇంటివాళ్లకు మీరు కట్టే లైఫ్ జాకెట్ అది.

ఆకాశం, ఒడ్డున ఒక మనిషి

వేసవి చివర సాయంత్రాల్లో ఈదురుగాలి చెప్పకుండా వస్తుంది. కొండల మధ్య ఇరుకైన నీటి మీద అది ఇంకా జోరుగా తోస్తుంది. బయల్దేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరిక, పిడుగుల కోసం దామిని యాప్ చూడండి. నీటి మీద ఉండగా మెరుపు కనిపిస్తే ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు వస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉంది, అంటే మీరు దాని అందుబాటులోనే ఉన్నారు. చదునైన నీటి మీద అన్నిటికంటే ఎత్తుగా ఉన్నది మీరే. వెంటనే ఒడ్డుకు రండి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా మళ్లీ నీటిలోకి దిగొద్దు.

ఒడ్డున ఒక మనిషికి మూడు విషయాలు చెప్పి వెళ్లండి: ఎటు వెళ్తున్నాం, ఎప్పటికి వస్తాం, ఆ వేళకు రాకపోతే ఎంతసేపు చూసి ఎవరికి చెప్పాలి. ఇంట్లో భార్యకో, గుడిసెల దగ్గరి పెద్దాయనకో. ఫోను నీళ్లు చొరని కవరులో మెడకు వేలాడాలి. 112, 108 అత్యవసర నంబర్లు గుర్తుండాలి. సిగ్నల్ ఏ వంపు దగ్గర పోతుందో, ఏ వంపు దగ్గర వస్తుందో పగటి ప్రయాణంలోనే గమనించి పెట్టుకోండి.

మందు తాగి నీటి మీదికి వెళ్లొద్దు. ఒంటికి వెచ్చగా ఉంటుందన్న మాట వట్టిది. తాగిన ఒంటి వేడి చర్మం గుండా త్వరగా పోతుంది, తూకం తప్పుతుంది, అంచనా తప్పుతుంది. వెచ్చదనానికి ఫ్లాస్కులో టీ, కడుపుకు ఇంటి అన్నం, తాగడానికి మనిషికి మూడు లీటర్ల నీళ్లు పెట్టుకోండి.

చేతికి చోటు నేర్పడం

ఇప్పుడు ఈ అధ్యాయంలో ముఖ్యమైన సాధన. వస్తువులన్నీ సర్ది పెట్టాక, ఒడ్డున కట్టేసిన పడవలో మధ్యాహ్నం పూట కూర్చోండి. కళ్లకు తువ్వాలు కట్టుకోండి. తోటివాడు ఒక్కొక్క పేరు పిలవాలి: తెడ్డు, చెంబు, కత్తి, ఆపద టార్చి, విసిరే తాడు, ప్లగ్గు డబ్బా. పేరు వినగానే చెయ్యి నేరుగా దాని మీదికి పోవాలి. తడుముకుంటే ఆ వస్తువు చోటు మార్చాలి. మళ్లీ పిలవాలి. తర్వాత మీరు పిలవండి, అతను తీయాలి.

ఇద్దరికీ తడుములాట పోయేదాకా చేయండి. తర్వాత ఏ వస్తువునూ ఇంకో చోట పెట్టకూడదన్న నియమం పెట్టుకోండి. వాడిన ప్రతిదీ వాడిన వెంటనే తన చోటికి పోవాలి. ఈ క్రమశిక్షణ మొదట విసుగనిపిస్తుంది. కొన్నాళ్లకు మనసు తేలికపడటం మీకే తెలుస్తుంది. ఏది ఎక్కడుందోనన్న బెంగ లేని మనిషికి వల కదలిక వినపడుతుంది, గాలి మారడం తెలుస్తుంది, పక్కనున్నవాడి అలసట కనపడుతుంది. సర్దుకున్న పడవ ఇచ్చే అసలు బహుమతి ఈ శ్రద్ధే.

వెనక్కి తిరిగే హక్కు

ఎంత సర్దినా ఒక నిర్ణయం మాత్రం రాత్రికే మిగులుతుంది: ఉండాలా, తిరిగిపోవాలా. దాన్ని కూడా వీలైనంత పగటికి తెచ్చుకోవాలి. ఒడ్డు మీద ఉండగానే ఇద్దరూ కూర్చుని హద్దులు రాసుకోండి. అల తెల్లగా విరగడం మొదలైతే తిరగాలి. ఉరుము ముప్పై సెకన్లలోపు వినిపిస్తే తిరగాలి. మూడో భాగం ఇంధనం ముట్టుకుంటే తిరగాలి. గీత మునిగితే బరువు దించి తిరగాలి. వెనక లైటు ఆరి, మళ్లీ వెలగకపోతే తిరగాలి.

వీటన్నిటి పైన ఇంకొకటి ఉంది. ఇద్దరిలో ఎవరైనా సరే, వయసులో చిన్నవాడైనా, నిన్నగాక మొన్న పనిలోకి వచ్చినవాడైనా, "బావా, తిరిగిపోదాం" అంటే కారణం అడగకుండా పడవ తిప్పాలి. కారణం ఒడ్డున మాట్లాడుకోవచ్చు. వల ఇంకా నీటిలో ఉందని, పక్క పడవవాళ్లు ఇంకా ఉన్నారని, పిరికివాడంటారని ఆగొద్దు. ఈ మాట అనే హక్కు ఇద్దరికీ ఉన్న పడవలో భయాన్ని ఎవరూ దాచుకోరు. దాచుకోని భయం హెచ్చరికలా పనిచేస్తుంది. దాచుకున్న భయం చివరి నిమిషంలో చేతులు వణికిస్తుంది.

మీ పని చేపల వేట కాకపోయినా ఈ అధ్యాయం మీదే. పరీక్ష గది, ఆపరేషన్ గది, రాత్రి డ్యూటీ, ఇంట్లో పెద్దవాళ్లకు ఒంట్లో బాగోలేని వేళ, ఇవన్నీ కన్ను కనిపించని సమయాలే. అప్పుడు ఏం చేయాలో వెలుతుర్లో ఉండగానే తేల్చి పెట్టుకున్నవాళ్లు ఆ సమయాన్ని తడబడకుండా దాటుతారు.

ఈ వారం చేయాల్సినవి

ఒకటి: పడవను బోర్లించి చూసి, బాగుచేసి, తిరుగు ప్రయాణం బరువుతో తేల్చి, గీత గీయండి.

రెండు: బ్యాటరీ మీది అంకెలు చూసి మీ లైట్ల లెక్క మీరే కాగితం మీద వేయండి.

మూడు: లైఫ్ జాకెట్ తొడుక్కుని ఒడ్డు దగ్గర నడుములోతు నీటిలో దిగి, కాళ్లు ఎత్తి తేలి చూడండి. ఇంట్లోవాళ్లను గట్టున నిలబెట్టి చూపించండి, వాళ్లకూ ధైర్యం వస్తుంది.

నాలుగు: సంఘం కార్యాలయంలో బీమా, నామినీ వివరాలు సరిచూసుకోండి.

అయిదు: కళ్లకు గంతలు కట్టుకుని సాధన చేయండి.

ఆరు: వెనక్కి తిరిగే హద్దులు రాసి, ఇద్దరూ సంతకం చేసి, ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పడవ బల్లకు అంటించండి.

ఈ ఆరూ అయ్యాకే రాత్రి వేటకు తేదీ పెట్టుకోండి. ఒక్కటి మిగిలినా ఆ తేదీ మార్చండి. చేప రేపు కూడా అక్కడే ఉంటుంది, మీ కోసం ఇంట్లో ఎదురుచూసేవాళ్లకు మీరు కావాలి.